నంబరు లేని వెయిటింగ్ లిస్టు

ప్రశ్న: మాది కాశీబుగ్గ. నాన్నగారు చిన్న జీడి పరిశ్రమ నడుపుతున్నారు. నేను ఇంజినీరింగ్ పూర్తి చేసి, రెండేళ్లుగా విశాఖపట్నంలో ఒక ఆర్థిక సేవల సంస్థలో పనిచేస్తున్నాను. ఆగస్టులో మొదలయ్యే ఎమ్మెస్ కోసం అమెరికాలో ఆరు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేశాను. అన్నీ ఫైనాన్స్, ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ కోర్సులే. రెండు చోట్ల కాదన్నారు. ఒకచోట సీటు ఇచ్చారు గాని స్కాలర్‌షిప్ లేదు. మార్చి 31లోగా 1,500 డాలర్ల డిపాజిట్టు కట్టాలి, అది తిరిగి రాదు. నేను అన్నిటికన్నా ఎక్కువగా కోరుకున్న న్యూయార్కు కోర్సువారు వెయిటింగ్ లిస్టులో పెట్టారు. మిగిలిన రెండు చోట్ల నుంచి ఏ కబురూ లేదు. ఏప్రిల్ 15 దాకా నిర్ణయం చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయకూడదనే నియమం ఉందని స్నేహితులు అంటున్నారు, నిజమేనా? డిపాజిట్టు కట్టాక న్యూయార్కు నుంచి పిలుపు వస్తే ఏం చేయాలి? వారానికొకసారి వారికి మెయిల్ రాయడం మంచిదా? నాన్నగారు రోజూ ‘నీ నంబరు ఎంతకు వచ్చింది’ అని అడుగుతున్నారు. నంబరే లేదంటే నమ్మడం లేదు. రాత్రి రెండింటికి లేచి ఫోను చూసుకోవడం అలవాటైపోయింది. ఉద్యోగం మానాలంటే 60 రోజుల నోటీసు ఇవ్వాలి. రెండెకరాల జీడితోట ఉంది. ఇల్లు తాతగారి పేరనే ఉంది, ఆయన పోయి నాలుగేళ్లయింది. ఉగాదికి మేనత్తలిద్దరూ వస్తున్నారు. లోను సంగతి అప్పుడు ఎత్తవచ్చునా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా,

మీ ప్రశ్నలన్నిటిలోకీ మీ నాన్నగారు అడుగుతున్నదే అసలు ప్రశ్న అని నాకు తోస్తున్నది కనుక దానితోనే మొదలుపెడతాను. పలాస స్టేషనులో రైలెక్కే మనిషికి వెయిటింగ్ లిస్టు అంటే ఒక వరుస. ముందున్నవారు ఒక్కొక్కరే టికెట్టు రద్దు చేసుకుంటూ ఉంటే మన నంబరు తగ్గుతూ వస్తుంది, ఆర్ఏసీలోకి దిగుతుంది, చార్టు వేసే వేళకు బెర్తు దొరికిందో లేదో తేలిపోతుంది. విశ్వవిద్యాలయాల జాబితా చాలాచోట్ల అటువంటి వరుస కాదు. ఉదాహరణకు 60 సీట్లున్న ఒక కోర్సును అనుకుందాం. సీటు ఇచ్చినవారందరూ చేరరని వారికి తెలుసు కాబట్టి, పాత సంవత్సరాల అనుభవాన్ని బట్టి సగం మంది వస్తారని అంచనా వేసి 120 మందికి సీటు ఇస్తున్నట్టు రాస్తారు. గడువు ముగిసేసరికి 60 మంది డిపాజిట్టు కడితే వెయిటింగ్ లిస్టును ముట్టుకోవలసిన పనే ఉండదు. 52 మందే కడితే ఎనిమిది ఖాళీలు మిగులుతాయి, అప్పుడు జాబితా తెరుస్తారు. అయితే పైనున్న ఎనిమిది మందిని తీసుకోరు. చేరకుండా పోయినవారు ఎటువంటివారో చూసి, తరగతిలో ఏ రకం మనుషులు తక్కువయ్యారో లెక్క చూసుకుని, ఆ లోటుకు సరిపడేవారిని పిలుస్తారు. గణితం బాగా వచ్చినవారు నిండుగా ఉండి ఉద్యోగానుభవం ఉన్నవారు తగ్గితే ఒకరికి పిలుపు వస్తుంది, అటుదిటైతే ఇంకొకరికి వస్తుంది.

ఇది మీ నాన్నగారికి ఆయన సరుకుతోనే చెప్పండి, వెంటనే పట్టుకుంటారు. పప్పు ఆర్డరులో డబ్ల్యూ-320 రకం డబ్బాలు నాలుగు తగ్గినప్పుడు, డబ్ల్యూ-180 ఎంత పెద్ద పప్పైనా, ఎంత ఎక్కువ ధర పలికేదైనా, దానితో ఆ నాలుగు డబ్బాలూ నింపి పంపరు కదా. తగ్గిన రకమే వెతుకుతారు. మీరు ఇప్పుడు గోదాములో గ్రేడు కట్టి పెట్టిన సరుకు. నాణ్యత చూసి పక్కన పెట్టారు గాని ఏ ఆర్డరులో ఏ రకం తగ్గుతుందో వారికే ఇంకా తెలియదు. కాబట్టి నంబరు లేదని మీరు చెప్పేది నిజమే. ఆ జాబితాలో ఉండడం మీ అర్హత మీద అనుమానం కాదు. మీ కాగితాలు చదివి, ఈ అమ్మాయి ఈ చదువు చదవగలదని ఒప్పుకున్నారు గనుకనే కాదనకుండా ఉంచారు. అయితే అది మాట ఇవ్వడమూ కాదు. ఒక ఏడు చాలామందిని పిలిచి, మరుసటి ఏడు ఒక్కరినీ పిలవకుండా మూసేసిన జాబితాలు ఉన్నాయి. ప్రిన్స్‌టన్ వంటి చోట తరగతే చిన్నది కాబట్టి ఒకరిద్దరు మనసు మార్చుకుంటేనే అక్కడ పరిస్థితి మారిపోతుంది.

ఏప్రిల్ 15 సంగతి. మీ స్నేహితులు విన్నది సగం నిజం. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే సంస్థ చేసిన ఒక తీర్మానం ఉంది. దాని మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు, ఆర్థిక సహాయంతో సీటు ఇచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15కు ముందే జవాబు చెప్పమని బలవంతం చేయకూడదు. ఇందులో ‘ఆర్థిక సహాయంతో’ అన్న మాటే ముఖ్యం. అది ఫెలోషిప్పులు, అసిస్టెంట్‌షిప్పులు, స్కాలర్‌షిప్పులు ఇచ్చినప్పటి మాట. ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులకు అక్కరకు వస్తుంది. పూర్తి ఫీజు మనమే కట్టుకుని చేరే మాస్టర్స్ కోర్సుకు ఆ రక్షణ వర్తించదు, వారు పెట్టిందే గడువు. కాబట్టి మీ మార్చి 31 నిజంగా మార్చి 31. అయినా గడువును ఒకటి రెండు వారాలు పొడిగించగలరా అని మర్యాదగా ఒక మెయిల్ రాయడంలో నష్టమేమీ లేదు. కారణం దాచనక్కరలేదు, విద్యారుణం పనులు నడుస్తున్నాయని రాయండి. ఒప్పుకునేవారు ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు. అడిగినందుకు ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవడం మాత్రం నేను ఎరగను.

ఇక కట్టాలా వద్దా అన్నది. న్యూయార్కు జాబితా అనేదే లేదనుకుని, చేతిలో ఉన్న కోర్సుకు మీరు సంతోషంగా వెళ్తారా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి. వెళ్తాననే జవాబు వస్తే కట్టండి, ఆలోచించవలసినది లేదు. పిలుపు వచ్చేదాకా నిలబడడానికి మాత్రమే అయితే, లక్షా పాతిక వేలకు పైమాటే అయిన డబ్బును అలా పెట్టడం మీ ఇంట్లో ఈ నెలలో ఎంత బరువో మీకు తెలుసు. ఉద్దానంలో జీడి పిక్కలు రాలే రోజులు ఇప్పుడే మొదలవుతున్నాయి. ఏడాది పనికి సరిపడే పిక్కలు మీ నాన్నగారు ఈ మూడు నెలల్లోనే కొని నిల్వ చేసుకోవాలి. ఆ 1,500 డాలర్లకు 80 కిలోల బస్తాలు ఎన్ని వస్తాయో ఆయనకు నోటి లెక్క. అడిగితే కాదనరు, తెచ్చి ఇస్తారు. అందుకే అడిగే ముందు మీరు ఆ జవాబు తేల్చుకోవాలి.

ఆ జవాబు తేల్చుకోవడానికి రెండు విషయాలు చూడండి. మొదటిది, ఆ కోర్సు ఐ-20 మీద (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం అది) ఏ సీఐపీ కోడుతో, అంటే కోర్సు ఏ విభాగానిదో తెలిపే ఏ అంకెతో వస్తుందో ప్రవేశ విభాగాన్ని అడగండి. అమెరికాలో చదువు పూర్తయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పనిచేయడానికి అనుమతి ఉంటుంది. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోది అయితే, ఇవాళ ఉన్న నియమం ప్రకారం మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ కోడు 27.0305, అది స్టెమ్. ఉత్త ఫైనాన్స్ కోడు 52.0801, అది స్టెమ్ కాదు. రెండు కోర్సుల పేర్లూ చూడడానికి ఒకేలా ఉండి, కోడులో మాత్రం తేడా ఉండవచ్చు. అప్పు చేసి వెళ్లేవారికి ఒక ఏడాది సంపాదనకూ మూడేళ్ల సంపాదనకూ ఉన్న తేడా ఆ ఆరంకెల్లో ఉంది. రెండవది, ఆ కోర్సు ప్రచురించే ఉద్యోగాల నివేదిక. అందులో సగటు జీతం అంకె దగ్గరే ఆగిపోకుండా, ఎంతమంది విద్యార్థులు తమ వివరాలు ఇచ్చారు, వారిలో విదేశీయులు ఎంతమంది, వారు చేరిన పనులు ఎటువంటివి అన్నది చదవండి. ఇదే పరీక్ష న్యూయార్కు కోర్సుకూ పెట్టండి. అక్కడి ఇంటి అద్దెతో కలిపి చూసినప్పుడు మీరు కోరుకున్నదే మేలైనదిగా నిలుస్తుందని ముందే అనుకోకండి. నిలవవచ్చు, నిలవకపోనూ వచ్చు.

డిపాజిట్టు కట్టాక వెయిటింగ్ లిస్టులో కొనసాగవచ్చా అంటే, సాధారణంగా కొనసాగవచ్చు. పిలుపు వస్తే మొదటి సీటు వదులుకోవచ్చు, కట్టిన డబ్బు మాత్రం పోతుంది. కట్టే ముందు వారి అంగీకార పత్రాన్ని చివరిదాకా చదవండి. మిగిలిన దరఖాస్తులన్నీ విరమించుకుంటున్నానని రాయించుకునే కోర్సు అయితే ఆ మాట మీద సంతకం పెట్టి మరోచోట వేచి ఉండడం తగదు. అలాగే సీటు ఇచ్చిన చోట్లు రేపు రెండైతే, రెండింటా డిపాజిట్టు కట్టి ఆగస్టు దాకా ఊగడం నాకు సమ్మతం కాదు. మీలాగే రాత్రి రెండింటికి ఫోను చూసుకుంటున్న ఇంకో పిల్లకో పిల్లవాడికో ఆ సీటు దక్కకుండా పోతుంది. ఎక్కడికి వెళ్లడం లేదో తేలిన రోజునే అక్కడికి రెండు వాక్యాల మెయిల్ పంపండి.

ఇక న్యూయార్కుకు రాయవలసిన ఉత్తరం. మొదట, వెయిటింగ్ లిస్టులో ఉంటారా లేదా అని మీ పోర్టల్‌లో వారు ఏదైనా నింపమన్నారేమో ఇవాళే చూడండి. కొన్నిచోట్ల ఉంటానని నొక్కితేనే ఉంచుతారు. చూసుకోక పేరు పోగొట్టుకున్నవారు ఉన్నారు. తరువాత అదనపు సమాచారం తీసుకుంటామన్నారా, వద్దన్నారా అన్నది చదవండి. వద్దన్న చోట పంపకండి, మాట వినని మనిషిగా గుర్తుండిపోతారు. తీసుకుంటామంటే ఒక్క ఉత్తరం, ఒక పేజీ దాటకుండా. మీ కోర్సు అంటే నాకు ఎంతో ఇష్టం అన్న మాట అందరూ రాస్తారు గనుక దానికి విలువ లేదు. దరఖాస్తు పంపిన నాటి నుంచి ఇవాళ్టికి మీలో ఏం మారిందో అదే రాయండి. ఆఫీసులో మీరు చేస్తున్న పని మారిందా? అప్పులు ఎగవేసే అవకాశాన్ని అంచనా వేసే నమూనా ఏదైనా మీరు స్వయంగా తయారు చేశారా? చేస్తే ఏ సమాచారంతో, ఏ పద్ధతిలో, ఫలితం ఏమైంది అన్నది నాలుగు వాక్యాల్లో చెప్పండి. మీ దరఖాస్తులో వారికి బలహీనంగా తోచి ఉండగలిగినది ఏదో మీకు లోపల తెలిసే ఉంటుంది. ఇంజినీరింగ్‌లో సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా ఒక్క సెమిస్టరుతో ముగిసిపోయి ఉంటే అదే కావచ్చు. అటువంటి లోటును పూడ్చుకోవడానికి ఆన్‌లైన్‌లో మంచి దారులు ఉన్నాయి. న్యూయార్కులోని బారూక్ కళాశాల తన ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ కోర్సుకు అనుబంధంగా నడిపే ప్రీ-ఎంఎఫ్ఈ సెమినార్లు అటువంటివే. ఏదో ఒకటి ఇప్పుడే మొదలుపెట్టి ఉంటే, మొదలుపెట్టానని రాయండి; మార్కులు వచ్చాక ఆ మార్కులతో రెండో ఉత్తరం రాయడానికి అదే కారణమవుతుంది. పిలిస్తే తప్పక చేరతానన్నది నిజమైతే ఆ మాట స్పష్టంగా చెప్పండి. నిజం కాకపోతే రాయకండి.

వారానికొక మెయిల్ వద్దు. ఈ విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. మా అమ్మాయి ఇలాగే వేచి ఉన్న ఏడు, మనం అడగకపోతే ఎవరు పట్టించుకుంటారని నేనే పక్కన కూర్చుని నాలుగు వారాల్లో నాలుగు మెయిళ్లు రాయించాను. నాలుగో దానికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: కొత్త సమాచారం ఉన్నప్పుడు మాత్రమే రాయవలసిందని. అమ్మాయి ఆ వాక్యం చదివి నాకు ఫోను అందించి లోపలికి వెళ్లిపోయింది. అందులో కోపమేమీ లేదు, అయినా ఆ పిల్లకు అది అవమానంగా తోచిందని, దానికి కారణం నేనేనని ఇప్పటికీ బాధపడతాను. కొత్త సంగతి ఉంటే రాయండి, లేకపోతే ఆగండి. మీ తరఫున వేరెవరినీ రాయనివ్వకండి. జాబితాలో పేరు పైకి జరిపిస్తామని ఏ కన్సల్టెన్సీ అయినా డబ్బు అడిగితే అది మోసం. ఆ పని చేయగలిగినవారు బయట ఎవరూ లేరు.

కబురు లేని రెండు చోట్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. పోర్టల్‌లో మార్కుల జాబితా, టోఫెల్ స్కోరు, సిఫారసు ఉత్తరాలు అన్నీ అందినట్టు ఉన్నాయో లేదో చూడండి, అవాంఛిత మెయిళ్ల పెట్టె కూడా ఒకసారి తెరవండి. వారు చెప్పిన తేదీ దాటితేనే ఒక మెయిల్ పంపండి.

రాత్రి రెండింటి సంగతి. మార్చి రెండో ఆదివారం తరువాత అమెరికాలో గడియారాలు ముందుకు జరుగుతాయి. అక్కడి నుంచి నవంబరు దాకా న్యూయార్కుకూ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు. వారి ఆఫీసు ఉదయం తొమ్మిదికి తెరిస్తే మనకు సాయంత్రం ఆరున్నర, సాయంత్రం అయిదుకు మూస్తే మనకు రాత్రి రెండున్నర. మీరు రెండింటికి లేస్తున్నది అందుకే. లెక్క తప్పు కాదు. కాని ఆ మెయిల్ తెల్లవారి ఆరింటికి చూసినా అదే మెయిల్. వెయిటింగ్ లిస్టు నుంచి పిలిచినప్పుడు జవాబుకు ఇచ్చే గడువు తక్కువే ఉంటుంది, ఒక్కొక్కప్పుడు రెండు రోజులే ఇస్తారు. అయినా నాలుగు గంటల్లో పోయే సీటు ఉండదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున్న లేచాక ఒకసారి చూడండి. మధ్యలో ఫోను వేరే గదిలో పెట్టండి. పగలు ఉద్యోగం చేసుకుంటూ, కొత్త గణితం చదువుకుంటూ ఉన్న మనిషికి ఆ నిద్ర అవసరం. ఈ కోర్సుల్లో చేరిన మొదటి నెలల్లోనే మరుసటి వేసవి ఇంటర్న్‌షిప్పుల ఇంటర్వ్యూలు మొదలవుతాయి. సంభావ్యత, పైథాన్, సీ++ అక్కడికి వెళ్లాక నేర్చుకుందామనుకున్నవారు మొదటి సెమిస్టరులోనే వెనకబడతారు. ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లినా అక్కరకు వచ్చే పని అది, ఎవరి నిర్ణయం కోసమూ ఆగనక్కరలేనిది.

అన్నిటికన్నా ముఖ్యంగా నేను చెప్పదలచినది ఇప్పుడు చెబుతాను. ఆ జాబితాకు వారు చివరి తేదీ చెప్పరు. కాబట్టి చివరి తేదీ మీరే పెట్టుకోవాలి, అది మనసును బట్టి కాక, క్యాలెండరును వెనక నుంచి ముందుకు లెక్కపెట్టి పెట్టుకోవాలి. స్నేహితుల తేదీలు అరువు తెచ్చుకోకండి; ఉదాహరణకు బర్క్‌లీ వారి ఎంఎఫ్ఈ (ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ మాస్టర్స్) మార్చిలోనే మొదలవుతుంది, అక్కడి లెక్కలు వేరు. మీది ఆగస్టు చివర తరగతులు అనుకుంటే, ఆగస్టు రెండో వారానికల్లా అక్కడ ఉండాలి. తరగతులకు 30 రోజుల ముందు నుంచే ఎఫ్-1 విద్యార్థి వీసాతో ఆ దేశంలోకి రానిస్తారు. అంటే జూలై నెలలోనే వీసా చేతికి రావాలి. వీసాకు వేలిముద్రలకు ఒకసారి, ఇంటర్వ్యూకు ఒకసారి హైదరాబాదు వెళ్లాలి, వేసవిలో తేదీలు దొరకడం కష్టం. 2025 మే చివర విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలు ఇవ్వడమే కొన్ని వారాలపాటు ఆపేశారు. అప్పటికే ఇంటర్వ్యూ తేదీ చేతిలో ఉన్నవారికీ లేనివారికీ ఆ ఏడు ఎంత తేడా వచ్చిందో చూసినవారికి తెలుసు. ఇంటర్వ్యూకు ముందు ఐ-20 రావాలి, దానికి మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ఉన్నట్టు కాగితాలు చూపాలి, ఆ కాగితం బ్యాంకు మంజూరు పత్రం. మరోపక్క మీ 60 రోజుల నోటీసు ఉంది. జూలై నెలాఖరుకు ఉద్యోగం నుంచి బయటపడాలంటే మే నెలాఖరులోగా రాజీనామా ఇవ్వాలి. ఇవన్నీ కూడితే, జూన్ పదో తేదీ దాటాక న్యూయార్కు నుంచి వచ్చే పిలుపుకు ఈ ఏడు మీరు న్యాయం చేయలేరని నా అభిప్రాయం. ఆ తరువాత పిలిస్తే, సీటును వచ్చే ఏటికి వాయిదా వేస్తారా అని అడగండి. వేయలేమంటే ధన్యవాదాలు చెప్పి, చేతిలో ఉన్న సీటుకే వెళ్లండి.

ఆ తేదీ దాకా చేతిలో ఉన్న సీటు పనులు ఆపకండి. విదేశీ విద్యార్థుల నమోదు కోసం కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు ఒకసారి కట్టాక, వీసా తీసుకోకముందే విశ్వవిద్యాలయం మారితే ఆ ఫీజును కొత్త ఐ-20కి మార్పించుకోవచ్చు. వీసా ఫీజు 185 డాలర్లు మాత్రం తిరిగి రాదు. వీసా మీద విశ్వవిద్యాలయం పేరు కూడా ముద్రిస్తారు కనుక, స్టాంపు పడ్డాక మనసు మార్చుకుంటే మళ్లీ దరఖాస్తు చేయవలసి రావచ్చు. అందువల్ల మీ ఇంటర్వ్యూ తేదీయే ఒక విధంగా మీ జాబితాకు నిజమైన ముగింపు.

ఇక లోను. నేను ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసి, అందులో చాలా భాగం మన జిల్లా శాఖల్లో అప్పుల విభాగంలోనే గడిపాను. ఒక జూలై మొదటి వారంలో ఒక రైతు నీలం రంగు ప్లాస్టిక్ సంచితో వచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు. సంచి ముడి విప్పి పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్, 1-బి నకళ్లు, శిస్తు రసీదులు ఒకదాని మీద ఒకటి సర్ది పెట్టారు. అంచులు సమంగా ఉండేలా అరచేత్తో తట్టారు. కొడుక్కు సీటు వచ్చింది, ఐ-20 వచ్చింది, నాలుగెకరాలు రాసిస్తాను, అప్పు ఇవ్వండి అన్నారు. పొలం మీద ఈ అప్పు ఇవ్వడం కుదరదని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆయన కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకుని ముడి రెండుసార్లు వేసుకున్నారు. ఆయన అంతకు ముందు మార్చిలోనే ఒకసారి వచ్చి అడిగారు. సీటు ఉత్తరం తెచ్చాక చూద్దామని పంపేసింది నేనే. ఆ రోజు నాలుగు మాటలు చెప్పి ఉంటే ఆయనకు నాలుగు నెలలు దొరికేవి.

అందుకే మీకు మార్చిలోనే చెబుతున్నాను. మీ నాన్నగారు మొదట తోట కాగితాలే బయటికి తీస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడిచెట్లను పడగొట్టాక మళ్లీ మొక్క నాటి పెంచుకున్న తోటలే మీ వైపు చాలా వరకు. ఆ తోట విలువ ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాని 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు కోర్టుకు వెళ్లకుండా తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం ఇస్తూ, సాగుభూమిని ఆ అధికారం నుంచి మినహాయించింది. అందుచేత విదేశీ విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఇల్లు, ఇంటి స్థలం, ఫ్లాటు, ఫిక్సెడ్ డిపాజిట్టు వంటివే తీసుకుంటాయి. మీకు మిగిలింది ఇల్లు. తాతగారు వీలునామా రాయకుండా పోయి, అది ఆయన స్వార్జితమైతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ నానమ్మగారు ఉంటే ఆమెకూ, మీ నాన్నగారికీ, మేనత్తలిద్దరికీ అందులో సమాన వాటాలు ఉంటాయి. వారందరి సంతకాలూ లేకుండా ఏ బ్యాంకు లాయరూ ఆ కాగితాలు ఒప్పుకోరు. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, తాతగారి మరణ ధ్రువీకరణ పత్రం, అసలు దస్తావేజు, అంతకు ముందరి లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు తెలిపే పత్రం), ఇంటిపన్ను రసీదులు సిద్ధం చేయాలి. ఆపైన లాయరు అభిప్రాయం, ఇంజినీరు వేసే విలువ. ఇందులో ఒక్క కాగితానికీ విశ్వవిద్యాలయం పేరుతో పనిలేదు. న్యూయార్కైనా మరొకటైనా ఆస్తి పని ఒక్కటే. పేరు తేలాక మంజూరు పత్రంలో మార్చుకోవచ్చు. విదేశీ చదువుల అప్పుకు సాధారణంగా 15 శాతం మార్జిన్, అంటే ఖర్చులో సొంత వాటా, మనం పెట్టుకోవాలి. ఇప్పుడు కట్టే డిపాజిట్టు రసీదు భద్రంగా ఉంచితే దాన్ని ఆ లెక్కలో చూస్తారేమో బ్యాంకులో అడగండి. తనఖా లేకుండా ఇచ్చే సంస్థలూ ఉన్నాయి గాని వడ్డీ ఎక్కువ. వాటిని రెండో దారిగా ఉంచుకోండి.

ఉగాదికి ఈ విషయం ఎత్తవచ్చునా అన్నారు. ఎత్తాలి, మళ్లీ ఇద్దరు మేనత్తలూ ఒకేసారి ఆ ఇంట్లో ఎప్పుడు కూర్చుంటారో తెలియదు. అయితే పచ్చడి తినే వేళ కాదు, భోజనాలు అయ్యాక. మాట ఎత్తేది మీ నాన్నగారు కావాలి, వివరం చెప్పేది మీరు కావాలి. వాటా వదులుకుంటూ హక్కు విడుదల పత్రం రాసిమ్మని మాత్రం వారిని అడగకండి, ఎవరైనా అదే తేలిక అని సలహా ఇచ్చినా వినకండి. వాటా వారి పేరనే ఉంటూ, అప్పు తీరేదాకా తనఖాలో వారూ కలిసి సంతకం పెడితే చాలునా అని ముందే బ్యాంకులో కనుక్కుని, ఆ మాటే వారికి చెప్పండి. అప్పు ఎంత, కోర్సు అయ్యాక సాధారణంగా ఏడాది గడిచాక వాయిదాలు మొదలవుతాయన్నది, నెలకు ఎంత పడుతుందన్నది, మీకు ఉద్యోగం ఆలస్యమైతే ఆ ఇంటికి వచ్చే ప్రమాదం ఏమిటన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇద్దరి చేతికీ ఇవ్వండి. ఆలోచించుకుని చెబుతామంటే సరేననండి. పండగకు ముందే అసలు దస్తావేజు ఏ బీరువాలో ఉందో, దాని మీద సర్వే నంబరూ ఇంటి కొలతలూ సరిగ్గా ఉన్నాయో మీ నాన్నగారు ఒక్కసారి తీసి చూడమని చెప్పండి.